అందరూ ముప్పైనే వెతికారు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మా ఆయన తిరుమల్ పెళ్లయిన వారానికే కనిపెట్టాడు. మా అమ్మాయి హిమజకైతే పుట్టకముందే తెలుసేమో! అలాంటి నేను పద్దెనిమిదేళ్లుగా కిక్కురుమనకుండా చేస్తూ వచ్చిన పని ఒకటుంది. ఇంజనీరింగ్ పిల్లలకు ల్యాబు రికార్డులు రాసిపెట్టడం.

తెలియనివాళ్లకు చెప్తాను. కంప్యూటర్ చదివే పిల్లలు ల్యాబులో చేసిన ప్రోగ్రాములన్నీ గట్టి అట్ట ఉన్న పెద్ద పుస్తకంలో చేత్తో రాయాలి. కుడివైపు గీతల పేజీలో ప్రోగ్రాము, ఎడమవైపు తెల్ల పేజీలో దానికి వచ్చిన జవాబు. ఆ పుస్తకం మీద సారు సంతకం పడితేనే పరీక్షకు రానిస్తారు. కంప్యూటర్లో చేసిందాన్ని మళ్లీ కాగితం మీద ఎందుకు రాయాలని నన్ను అడక్కండి. నేనూ ఎవరినీ అడగలేదు.

పిల్లలకు బద్ధకం, నాకు మంచి చేతిరాత. ఇద్దరినీ కలిపినవాడు చిలకలగూడలో జిరాక్స్ షాపు పెట్టుకున్న రాజేందర్. పిల్లలు ఖాళీ రికార్డునూ, చూసి రాయడానికి సీనియర్ల పాత రికార్డునూ అతని షాపులో పడేసి పోతారు. అతను వాటిని సంచిలో వేసుకుని బోయిగూడలో మా ఇంటికి తెస్తాడు. నేను రాసి ఇస్తాను. ఆ పిల్లలెవరూ నా మొహం చూడలేదు. వాళ్లకు నేను ‘బోయిగూడ ఆంటీ’ని, అంతే. అన్నీ ఒకే రాతలో ఉంటే సార్లకు అనుమానం వస్తుందని ఏడు రకాల చేతిరాతలు సాధన చేశాను. ఒకటో రకం గుండ్రంగా, ముద్దుగా ఉంటుంది. ఏడో రకం మగపిల్లల కోసం, కావాలనే కాస్త కోడి కెలికినట్టు రాస్తాను.

పదిహేడేళ్ల పాటు నేను రాసేది ఏమిటో నాకు ఒక్క ముక్క తెలియదు. బ్రాకెట్లు, కామాలు, మెలికలు. ముగ్గు దించినట్టు చూసి దించేయడమే. ఇంటర్‌తో చదువు ఆగిపోయినదాన్ని, మనకెందుకులే అనుకునేదాన్ని.

హిమజ కంప్యూటర్ సైన్సులో చేరినప్పుడు దానికి పార్క్‌లేన్‌లో ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నాం. బరువుగా ఉందని అది ఒక్క రోజు కూడా కాలేజీకి మోసుకెళ్లలేదు. మధ్యాహ్నం అంట్లు కడిగాక నేనూ, ఆ ల్యాప్‌టాప్ ఇంట్లో ఒంటరిగా మిగిలేవాళ్లం. ఒకరోజు తెరిచి, అన్నేళ్లుగా రాస్తున్న మొట్టమొదటి ప్రోగ్రామును టైపు చేశాను. ఏదో ఎర్ర అక్షరాల్లో తిట్టింది. నేనూ తిట్టాను. నాలుగు రోజులు మేమిద్దరం ఒకళ్లనొకళ్లం తిట్టుకున్నాం. చివరికి ఒక వాక్యం చివర సెమికోలన్ పెట్టలేదని తెలిసింది. పెట్టాను. తెర మీద ‘హలో’ అని వచ్చింది.

అబ్బ! ఎగిరి గంతేసి కేక పెట్టాను. పక్కింటి వీరరాఘవమ్మగారు చేతిలో గరిటెతో సహా పరిగెత్తుకొచ్చారు, “ఏమైందమ్మా కల్పలతా?” అంటూ. ఏం చెప్పను? బల్లి మీద పడిందన్నాను.

అలా షురూ అయింది నా చదువు. ఫోన్లో ఎవరో కుర్రాడు చెప్పే పాఠాలు వినేదాన్ని, వెనక్కి తిప్పి మళ్లీ వినేదాన్ని. సొంతంగా నోట్సు రాసుకుందామని కూర్చుంటే, నా అసలు చేతిరాత ఏదో గుర్తురాక ఒక పూటంతా ఆలోచించాను. ఇదంతా ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారేమోనని భయం. ముఖ్యంగా హిమజ నవ్వుతుందని భయం.

దానికి అసలే నా పని అంటే నామోషీ. తల్లి రికార్డులు రాస్తుందని స్నేహితులకు తెలియకూడదని ఎంత జాగ్రత్త పడేదంటే, తన రికార్డును కూడా వాళ్లతో పాటు వెళ్లి చిలకలగూడలో రాజేందర్‌కే ఇచ్చేది. ఇంట్లో నా చేతికి ఇవ్వాల్సిన పుస్తకం ఊరేగి ఊరేగి మళ్లీ మా ఇంటికే వచ్చేది. నాకు నవ్వు వచ్చేది, కాస్త బాధా వేసేది.

ఈసారి రెండో ఏడాది వాళ్ల ల్యాబు బ్యాచి మొత్తం, ముప్పై ఒక్క రికార్డులూ నా దగ్గరికే వచ్చాయి. అందులో ఒక ప్రోగ్రాము పేరు బైనరీ సెర్చ్. పెద్ద విషయమేం కాదు. డిక్షనరీలో ఒక మాట వెతకాలంటే మొదటి పేజీ నుంచీ చూడం కదా, నడిమికి తెరుస్తాం. మనకు కావలసింది ఇంకా తరవాత ఉందనిపిస్తే ముందు సగం వదిలేసి, మిగిలిన సగాన్ని మళ్లీ నడిమికి తెరుస్తాం. ఇదీ అంతే. రికార్డులో ఐదు అంకెలిచ్చారు: పది, ఇరవై, ముప్పై, నలభై, యాభై. ముప్పై వెతికితే ‘మూడో చోట దొరికింది’ అనీ, ఐదు వెతికితే ‘లేదు’ అనీ జవాబులు. ఏళ్ల తరబడి అవే రాస్తున్నాను.

ఆ రోజు ఏ బుద్ధి పుట్టిందో, టైపు చేసి ముప్పై బదులు ఇరవై వెతకమన్నాను. ల్యాప్‌టాప్ మాట్లాడలేదు. టీ పెట్టుకుని తాగాను. బట్టలు ఆరేసి వచ్చాను. ఇంకా వెతుకుతూనే ఉంది, వేడెక్కిపోయి గుయ్యిమంటోంది. పాడు చేశానేమోనని నా ప్రాణం పోయినంత పనైంది. తరవాత కాగితం మీద పెన్సిలుతో ఒక్కో మెట్టూ రాసుకుంటూ పోతే కిటుకు దొరికింది. చివరికి రెండు పేజీలు మిగిలినప్పుడు, చూసేసిన పేజీని వదిలి ‘దాని తరవాతి పేజీ నుంచి’ వెతకాలి. రికార్డులో ‘ఆ పేజీ నుంచి’ అని ఉంది. అందుకే అది చూసిన పేజీనే మళ్లీ మళ్లీ తెరుస్తోంది. ఒక ప్లస్ వన్ తక్కువైంది. పెట్టాను. ఈసారి ఇరవై దొరికింది, రెండో చోట.

ఆ సంతోషం ఎలా చెప్పను? హిమజ పదో తరగతి పాసైనప్పుడు కూడా నేనంత మురిసిపోలేదు. ఈ మాట దానితో అనకండి.

ఎవరినీ అడగలేదు. ముప్పై ఒక్క రికార్డుల్లోనూ ఆ ప్లస్ వన్ పెట్టి రాసేశాను.

గురువారం సాయంత్రం హిమజ ఇంటికి వస్తూనే బ్యాగు విసిరికొట్టింది.

“అమ్మా, నీకేమన్న దిమాగ్ ఉందా? ఎవరు దిద్దమన్నరు నిన్ను? ఉన్నది ఉన్నట్టు రాస్తే అయిపోతుండె కదా!”

“ఏందే, ఏమైందో జెర చెప్పి ఒర్లు.”

“పద్మనాభం సార్ ముప్పై ఒక్క రికార్డులు వాపస్ ఇచ్చిండు. ఎవ్వరిదీ సంతకం కాలె. సోమవారం పరీక్ష. రికార్డు లేకుంటే లోపలికి రానియ్యరు.”

తన రికార్డు తెరిచి నా ముందు పడేసింది. బైనరీ సెర్చ్ పేజీలో నా ప్లస్ వన్ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన ‘మాన్యువల్ ప్రకారం లేదు, సరిచేసి తేవాలి’ అని ఉంది. మాన్యువల్ అంటే ఆ కాలేజీ ల్యాబులో అందరూ చూసి చేసే అచ్చు పుస్తకం.

“నేను రాసిందే కరెక్టు,” అన్నాను.

“నీకేం తెలుసమ్మా? ఆయన ఎం.టెక్ చేసిండు.”

ఆ మాట చురుక్కున తగిలింది. కోపం రాలేదు, నిజంగానే నాకు భయం వేసింది. ఆయన చదువుకున్నవాడు. నేను వంటింట్లో ఫోను చూసి నేర్చుకున్నదాన్ని. నాకు వచ్చిందనుకున్నది అసలు వచ్చినట్టేనా? వైట్‌నర్ సీసా తీశాను. మిగతావీ రాజేందర్‌తో తెప్పించుకుని ముప్పై ఒక్క చోట్ల చిన్న చుక్క పెడితే అరగంట పని. పిల్లలు పరీక్ష రాస్తారు, హిమజ శాంతిస్తుంది. మూత తీసి, మళ్లీ పెట్టేశాను. అన్నేళ్లు తప్పు రాశానంటే తెలియక రాశాను. తెలిశాక రాయడానికి చెయ్యి రాలేదు.

“రేపు నేనొచ్చి మీ సార్‌తోని మాట్లాడ్త,” అన్నాను.

హిమజ మొహంలో నెత్తురు చుక్క లేదు. “వద్దమ్మా, నీకు దండం పెడ్త! ఆ ఆంటీ మా అమ్మనే అని తెలిస్తే క్లాసుల నా ఇజ్జత్ ఏమైతది?”

“నీ తల్లినని చెప్పనులే. ఒట్టు. సరేనా?”

సరేనంది. అంత తొందరగా సరేనంటుందనుకోలేదు.

కాలేజీ ఏ.ఎస్. రావు నగర్ దాటాక ఇంకా దూరం. మర్నాడు పొద్దున ఇద్దరం ఒకే బస్సెక్కి వేరే వేరే సీట్లలో కూర్చున్నాం. నా టికెట్ నేను తీసుకున్నాను, దాని పాసు అది చూపించింది. దిగాక అది ముందు, నేను ఇరవై అడుగుల వెనక. ల్యాబు బయట అందరి చెప్పులూ విడిచి ఉన్నాయి. నేనూ విడిచి లోపలికి వెళ్లాను. బ్యాచి మొత్తం కంప్యూటర్ల ముందు కూర్చుని ఉంది. హిమజ చివరి వరుసలో తల వంచుకుని కూర్చుంది.

పద్మనాభం సారుకు ముప్పై అయిదు దాటవు. మెడలో గుర్తింపు కార్డు, జేబులో ఎర్ర పెన్ను.

“ఎవరండీ మీరు?”

“రికార్డులు రాసేదాన్ని సార్.”

పిల్లలంతా తలలు తిప్పి నా వైపు చూశారు.

“ఎవరి తాలూకు?”

“ఎవరి తాలూకూ గాదు సార్. ఆ ప్రోగ్రాం తాలూకు. మీరు సున్నా చుట్టిన కాడ నేను రాసింది తప్పు గాదు. మీ మాన్యువల్‌ల ఉన్నదే తప్పు.”

ఆయన కోప్పడలేదు. అందుకే నాకు ఇంకా మండింది. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు: “చూడండమ్మా, ఈ మాన్యువల్ పదేళ్లుగా ఉంది. పరీక్షకు బయటి నుంచి వచ్చే సారు దీనితోనే పోల్చి చూస్తారు. మీరేం చదువుకున్నారు?”

“ఇంటర్ సార్. సీఈసీ.”

ఎవరో కిసుక్కున నవ్వారు. సారు ఒక కంప్యూటర్ ముందు కూర్చుని మాన్యువల్లోని ప్రోగ్రామునే నడిపి, ముప్పై వెతికాడు. మూడో చోట దొరికింది. ఐదు వెతికాడు. లేదంది. “చూశారా? బాగానే ఉంది కదా.”

“ఇరవై వెతకండి సార్.”

వెతికాడు. తెర మీద గీత ఒకటి మిణుకు మిణుకుమంటూ ఉండిపోయింది. “సిస్టం హ్యాంగయినట్టుంది,” అని పక్క కంప్యూటర్‌కు జరిగాడు. అదీ హ్యాంగయింది. “ఇవన్నీ పాతవైపోయాయి,” అంటూ మూడోదానికి జరిగాడు.

“నాలుగోది సుత చూస్తరా సార్?” అన్నాను.

ఈలోపు పిల్లలు ఊరుకుంటారా? ఒక్కొక్కరూ తమ తమ కంప్యూటర్లలో ఇరవై కొట్టి చూశారు. ల్యాబులో ఉన్న ప్రతి తెరా గుడ్లప్పగించి ఉండిపోయింది. సారు లేచి నిలబడి వరుసల్లోకి చూశాడు. ఆయనకు అర్థమైంది. ఆ ల్యాబులో పదేళ్లుగా అందరూ ముప్పైనే వెతికారు, లేకపోతే ఐదు వెతికారు. రికార్డులో అవే ఉన్నాయి కాబట్టి. ఇరవై మొహం ఎవరూ చూడలేదు.

ఇక నా నోరు ఆగలేదు. “ఏ తలకాయ లేనోళ్లు రాసిండ్రు సార్ ఈ మాన్యువల్ని? చదువుకున్నోళ్లే గదా? నౌకర్లు చేస్తున్నోళ్లే గదా? ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న ఒక్క అంకె మార్చి చూడబుద్ధి గాలేదా? నేను ఇంజనీరింగ్ చదువలే సార్, నాకు కనిపిచ్చింది. ఇంతమందికి కనిపియ్యలేదా?”

పద్దెనిమిదేళ్ల మౌనం ఒక్కసారిగా బయటికి వచ్చింది. సారు బీరువా తెరిచి, బ్రౌన్ అట్ట వేసిన పాత రికార్డు ఒకటి తీశాడు.

“మాన్యువల్ టైపు చేసింది నేనేనమ్మా. ఇది నేనిక్కడ చదువుకున్నప్పటి నా రికార్డు. పద్నాలుగేళ్ల కిందటిది. దీన్ని చూసే చేశాను. టైపు చేసేటప్పుడు ఆ ఒకటి వదిలేశానేమో చూద్దాం.” పేజీ తిప్పి, వేలు పెట్టి చూశాడు. “లేదు, ఇందులోనూ లేదు. అయితే తప్పు నాదే. రాసేటప్పుడే వదిలేసినట్టున్నాను.”

తల దించుకుని చెప్పాడు. నేను గెలిచాను కదా, ఆ పేజీ చూద్దామని విజయగర్వంతో వంగాను.

గుండ్రటి, ముద్దు అక్షరాలు. శీర్షిక కింద ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో రెండు గీతలు. ఒకటో రకం చేతిరాత. నాది.

ఆ వాక్యం సరిగ్గా మార్జిన్ గీతను తాకి ఆగింది. ఆ రోజుల్లో నాకో నియమం ఉండేది. చచ్చినా అక్షరం మార్జిన్ దాటకూడదు. దాటితే పేజీ అందం పోతుందని, చివర మిగిలిన చిన్నాచితకా వదిలేసేదాన్ని. ప్లస్ వన్ అంటే ఏమిటో తెలిస్తే కదా! తోక అనుకుని కత్తిరించాను. నేను కత్తిరించిన తోకనే ఈయన చదివి పాసయ్యాడు, ఎం.టెక్ చేశాడు, అచ్చు వేశాడు. నేను తిట్టిన ఆ తలకాయ లేని మనిషిని నేనే.

నోరు మూసుకుంటే అయిపోయేది. ఆయన తప్పు తన మీద వేసుకున్నాడు. పిల్లల ముందు తన రికార్డు తాను రాయలేదని ఎలాగూ చెప్పుకోలేడు. ప్లస్ వన్ నిలబడుతుంది, రికార్డులు సంతకమవుతాయి. చివరి వరుసలో హిమజ మొదటిసారి తలెత్తి నన్ను చూస్తోంది, కళ్లలో ఒకలాంటి మెరుపు. ఆ మెరుపును పోగొట్టుకోబుద్ధి కాలేదు. కానీ ఆ పెద్దమనిషి వంచిన తల చూస్తూ నిలబడబుద్ధీ కాలేదు.

“సార్, తప్పు మీది గాదు. ఈ రాత నాది.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు చూశాడు, రికార్డు వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు. “చిలకలగూడ జిరాక్స్ షాపు... ఆ ఆంటీ మీరేనా?”

“నేనే సార్. మీ పేజీ అందంగ ఉండాలని జెర కట్ చేసిన.”

ముందు నవ్వింది ఆయనే. తరవాత ల్యాబంతా గొల్లుమంది. నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “మీరు అర్థం కాకుండా రాశారు, నేను అర్థం కాకుండా చదివాను. పైగా పదేళ్లు పాఠం చెప్పాను!” అన్నాడు. వెంటనే కూర్చుని, ముప్పై ఒక్క రికార్డుల్లోనూ తను పెట్టిన ఎర్ర రాతను తనే కొట్టేసి సంతకాలు చేశాడు. మాన్యువల్లోనూ దిద్దాడు. పరీక్షకు వచ్చే సారుకు తానే చెబుతానన్నాడు. నేను కొంగుతో మొహం తుడుచుకుని చెప్పుల వైపు నడవబోయాను.

“ఎక్కడికమ్మా? ఆ ప్లస్ వన్ ఎందుకో వీళ్లకు మీరే చెప్పి వెళ్లండి,” అని మార్కర్ నా చేతిలో పెట్టాడు.

బోర్డు మీద ఎప్పుడూ రాయలేదు, మొదటి వాక్యం ఏటవాలుగా పోయింది. అయినా చెప్పాను. డిక్షనరీ, నడిమి పేజీ, వదిలేసిన సగం, చివరికి మిగిలే రెండు పేజీలు. చెబుతుంటే భయం పోయింది. ముందు వరుసలో పిల్లవాడొకడు “ఓహో, అందుకా!” అన్నాడు. ఆ ఓహో వినడానికి ఇంకో పద్దెనిమిదేళ్లయినా రాయొచ్చనిపించింది.

చివరి వరుసలో ఒక చెయ్యి లేచింది. హిమజది.

పక్కనున్న పిల్ల దాని చెయ్యి కిందికి లాగింది. “ఏయ్, ఆంటీని పరేషాన్ చెయ్యకే, పోనియ్యి.”

“ఆంటీ గాదే, మా అమ్మ,” అంది హిమజ, అందరికీ వినపడేలా. “బోయిగూడ ఆంటీ మా అమ్మనే. జెర ఆగు, నన్ను డౌట్ అడగనియ్యి. అమ్మా, ఒకటే అంకె మూడుసార్లు ఉంటే, అండ్ల ఏది దొరుకుతది?”

ముప్పై తలలూ ఇటూ అటూ తిరిగాయి. నాకు ఏడుపొచ్చింది, ఆపుకున్నాను. పైగా ఆ డౌటుకు జవాబు నాకు తెలియదు.

“తెల్వదు బిడ్డా,” అన్నాను. “మొదటిదే దొరుకుతదనుకుంటున్న. నడిపి చూద్దాం.”

పది, ఇరవై, ఇరవై, ఇరవై, ముప్పై. ఎవరూ చెప్పకుండానే అందరూ టైపు చేశారు, సారుతో సహా. ఇరవై వెతికారు. మూడో చోట దొరికిందని వచ్చింది. మొదటి ఇరవై ఉన్నది రెండో చోట. నేను చెప్పింది తప్పు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

“గట్లెందుకైంది?” అని నిజంగానే అడిగాను. సారు తెర మీది ప్రోగ్రామును మొదటి నుంచీ వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు.

హిమజ లేచి ముందుకు నడిచొచ్చింది. నా చేతిలోంచి మార్కర్ తీసుకుంది. “ఫస్టు తెరిచేదే నడిమి పేజీ గదమ్మా. ఆడనే దొరికినంక ఇంక ఎనుకకెందుకు చూస్తది?” అంటూ, ఏ పుస్తకమూ చూడకుండా, బోర్డు మీద ఐదు గళ్లు గీయడం మొదలుపెట్టింది.

నేను చివరి వరుసకు వెళ్లి దాని కుర్చీలో కూర్చున్నాను.